కర్నూలుకు కాపురం మారుస్తున్న కొత్త జంటలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు, బెంగళూరు, అనంతపురం, కడప వైపు నుంచి ఉద్యోగం మీద కర్నూలుకు వస్తున్న కొత్త దంపతులు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. అందరూ మొదట అద్దె ఎంతని అడుగుతారు. ఈ ఊళ్లో అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఇంటికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుంది, ఇద్దరి పనిచోట్లకూ దూరమెంత.

ఇద్దరం ఒకేసారి రావాలా, ఒకరు ముందు వచ్చి ఇల్లు చూడాలా?

ఉద్యోగంలో చేరేవారు ముందు వచ్చి పది పదిహేను రోజులు హాస్టల్లోనో లాడ్జిలోనో ఉండి వెతకడం మంచిది. అడ్వాన్సు మాత్రం ఇద్దరూ ఇల్లు చూశాకే ఇవ్వండి. ఫోన్ వీడియోలో గదులు కనిపిస్తాయి గానీ నీళ్ల రుచి, మురుగుకాలువ వాసన, పడకగది గోడ వేడి తెలియవు. రోజులో ఎక్కువసేపు ఆ ఇంట్లో ఉండబోయేవారు ఎవరో, వారి మాటే చివరి మాట కావాలి.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని చాలామంది ఇల్లు మారరు. మీకు ఆ పట్టింపు లేకపోతే ఇల్లు చూడటానికి అదే మంచి సమయం. టులెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి కాబట్టి యజమానులు అద్దె దగ్గర కాస్త దిగుతారు. శ్రావణం రాగానే ఆ వెసులుబాటు పోతుంది. పట్టింపు ఉంటే మాసం రాకముందే పాలు పొంగించి తాళం వేసుకుని, సామాను తర్వాత తెచ్చుకునేవారూ ఉన్నారు. పెళ్లయిన మొదటి ఏడు ఆషాఢంలో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది కదా, ఆ నెలలో ఇంటి పనులు చూసుకుని శ్రావణంలో కాపురం పెట్టేవారు కొందరు.

ఏ వైపు ఇల్లు చూసుకోవాలి?

ఓర్వకల్లు పారిశ్రామిక వాడలోగానీ అక్కడి విమానాశ్రయంలోగానీ పని అయితే నంద్యాల చెక్‌పోస్టు వైపు చూడండి. ఓర్వకల్లు 40వ నంబరు జాతీయ రహదారి మీద, ఊరికి సుమారు 20 కిలోమీటర్లు. పాతబస్తీలో ఇల్లు తీసుకుంటే రోజూ ఊరంతా దాటి అటు వెళ్లాలి. ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనో మెడికల్ కాలేజీలోనో పని, అందులోనూ రాత్రి డ్యూటీలు ఉంటే బుధవారపేట చుట్టుపక్కల ఇల్లు చిన్నదైనా సుఖం. కృష్ణానగర్, వెంకటరమణ కాలనీ, సి క్యాంపు వైపు బడులు, ఆసుపత్రులు, అంగళ్లు దగ్గర. సి క్యాంపులో రైతుబజారు కూడా ఉంది. కల్లూరు వైపు కొత్త కాలనీల్లో ఇళ్లు కొత్తవే. అయితే ఆ వీధికి మున్సిపల్ పైపు వచ్చిందో లేదో ముందే అడగండి.

ఇద్దరి పనులూ చెరొక దిక్కున ఉంటే, సొంత బండి లేనివారికి దగ్గరగా ఉండటం మేలు. కంపెనీ బస్సు ఉంటే అది ఏ సెంటరులో, ఎన్ని గంటలకు ఆగుతుందో తెలుసుకుని, అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో వెతకండి.

వరద భయం ఉందా?

తుంగభద్ర, హంద్రీ ఒడ్డున పాతబస్తీ వైపు ఇల్లు చూస్తుంటే ఈ ప్రశ్న తప్పక అడగాలి. 2009 అక్టోబరు 2న ఆ రెండు నదుల నీళ్లు ఊళ్లోకి వచ్చి చాలా వీధులు మునిగిపోయాయి. బ్రోకరు ఈ సంగతి చెప్పకపోవచ్చు. అదే వీధిలో పాతకాలం నుంచి ఉన్న అంగడివారిని అడిగితే ఆ ఏడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అలాంటి వీధిలో ఉండక తప్పకపోతే పై అంతస్తు తీసుకోండి. సర్టిఫికెట్లు, ఇన్వర్టరు బ్యాటరీ నేలకు ఎత్తుగా ఉంచండి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం పరీక్షించాలి?

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వెళ్లండి. ఉదయం పది గంటలకు చల్లగా అనిపించిన ఇల్లే ఆ వేళకు అసలు సంగతి చెబుతుంది. పడమటి గోడను అరచేత్తో తాకండి. చివరి అంతస్తయితే పైకప్పు కింద నిలబడి చూడండి. ఏప్రిల్, మేలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన సిమెంటు కప్పు రాత్రి పది, పదకొండు దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే మిద్దె మీది పోర్షన్ అద్దె తక్కువగా ఉంటుంది. తీసుకునేటట్లయితే కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించమని యజమానిని అడగండి, చేరకముందే వేయించుకోండి. చేరాక అడిగితే అది ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది.

తర్వాత నీళ్లు. మున్సిపల్ కొళాయి ఉందా, ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, సంపు ఎన్ని లీటర్లు, ఎన్ని ఇళ్లు దాన్ని పంచుకుంటాయి, ఈ ఐదూ అడగండి. పట్టణాల్లో నీటి సరఫరాకు తలకు రోజుకు 135 లీటర్లని లెక్క వేస్తారు. ఇద్దరికీ 270 లీటర్లు, అంటే 1,000 లీటర్ల తొట్టి మూడు రోజులు దాటి వస్తుంది. అదే తొట్టిని మూడు పోర్షన్లు వాడుకుంటే ఒక రోజుకు కాస్త ఎక్కువ. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో అలాంటి ఇంట్లో ఉంటే గొడవ తప్పదు.

బోరు నీళ్లు ఎంత గట్టివో తెలుసుకోవడానికి రెండు గుర్తులు చాలు. సబ్బు నురగ రాకుండా తెల్లగా విరిగినట్టు అవుతుంది. స్నానాల గదిలో కొళాయి మూతి దగ్గర, బకెట్ల లోపల తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. గట్టి నీళ్లతో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. గీజరు కడ్డీ మీద సున్నం పేరుకుని త్వరగా కాలిపోతుంది, వాషింగ్ మెషిన్ లోపల గార కడుతుంది. వంటకూ తాగడానికీ మున్సిపల్ నీళ్లో క్యాన్ నీళ్లో వాడి, బోరు నీళ్లు మిగతా పనులకు పెట్టుకుంటే సరిపోతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చవకగానే దొరుకుతుంది. తాగే నీటిలో ఈ లవణాలకు భారతీయ ప్రమాణాల్లో కోరదగిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా అనుమతి ఉంది. రీడింగు 500 లోపే ఉంటే ఆర్‌ఓ కొనాల్సిన పని లేదు, మామూలు ఫిల్టరు చాలు. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లను పారబోయక బకెట్లో పట్టి నేల తుడవడానికి వాడుకోవచ్చు.

చివరగా పడకగదిలో ఫోన్ సిగ్నల్ చూడండి. ఇద్దరిలో ఒకరు ఇంటినుంచి పనిచేసేవారైతే, ఏ కంపెనీ నెట్ ఆ వీధికి వస్తుందో పక్కింటివారిని అడగండి.

సొంత మీటరు లేదు, సబ్ మీటరు ఉంది అంటున్నారు. తీసుకోవచ్చా?

ఇక్కడ చాలామంది నష్టపోతారు కాబట్టి లెక్క వేసి చూపిస్తున్నాం. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. సొంత మీటరు మీద మీరు 120 యూనిట్లు వాడితే కరెంటు చార్జీ 394.50 రూపాయలు. సబ్ మీటరంటే కింద ఇంటివారికీ మీకూ కలిపి బిల్లు వచ్చే అసలు మీటరు ఒకటే. అలా చెరి 120 వాడితే మొత్తం 240 యూనిట్లకు 1,148.25 అవుతుంది. సగం పంచుకున్నా మీ వంతు 574 దాటుతుంది. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండానే నెలకు దాదాపు 180 రూపాయలు అదనంగా కట్టినట్టు. ఏసీ నడిచే నెలల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి వేరే.

సొంత మీటరున్న ఇల్లే చూడండి. తాళం చేతికొచ్చిన రోజున మీటరు రీడింగును ఫోటో తీసి యజమానికి పంపండి. కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ ఇచ్చిన సర్వీసు నంబరు తీసుకుని పాత బకాయిలున్నాయేమో చూడండి. సర్దుబాటు చార్జీల రూపంలో పాత నెలల వాడకం మీద వేసే సొమ్ము ఆ తర్వాతి బిల్లుల్లో వస్తుంటుంది. మీరు చేరకముందు నెలలకు సంబంధించినది యజమాని కట్టాలని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి.

ఏసీ కొనాలా, కూలరు చాలా?

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది. అది కిటికీ బయటి గాలిని లోపలికి లాగాలి, ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో తెరిచి ఉండాలి. గది మూసి నడిపితే చెమ్మ నిండి ఉక్కపోతే మిగులుతుంది. వానలు మొదలయ్యాక కూలరుతో పెద్దగా ఫలితం ఉండదు. పెద్ద కూలరు రోజుకు 40 నుంచి 60 లీటర్ల నీళ్లు తాగుతుంది. వేసవిలో నీళ్లు తక్కువగా వచ్చే వీధిలో అది కూడా లెక్కే. బోరు నీళ్లు పోస్తే గడ్డి మీద ఉప్పు పేరుకుని గాలి ఆగిపోతుంది.

మొదటి వేసవి కూలరుతో గడపండి. పై అంతస్తయినా, ఇంట్లో గర్భిణి ఉన్నా, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సినవారు ఉన్నా మాత్రం ఏసీ గురించి వెనకాడొద్దు.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు? అందులో ఏముండాలి?

ఏడాదికి మించిన అద్దె ఒప్పందాలను 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పక రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా 11 నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు మామూలుగా రెండు, మూడు నెలల అద్దె అడుగుతారు. ఇద్దరి పేర్లూ అగ్రిమెంటులో ఉండాలి. ఆధార్ చిరునామా మార్చుకోవడానికీ, బ్యాంకుకూ, కంపెనీకీ ఆ కాగితం ఇద్దరికీ పనికొస్తుంది.

అద్దె, అడ్వాన్సు, తేదీలు ఎలాగూ రాస్తారు. గొడవలు వచ్చేవి రాయని వాటి దగ్గరే. ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు కింద ఎంత పట్టుకుంటారు, మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏడాదికి అద్దె ఎంత పెంచుతారు, బండి ఎక్కడ పెట్టుకోవాలి, మీ అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చి నెల రోజులు ఉంటే అభ్యంతరమా, ఇవన్నీ రాయించుకోండి. మాంసాహారం విషయం మొహమాటపడకుండా మొదటి రోజే తేల్చుకోండి. కులం, మతం అడిగి ఇల్లు లేదనేవారు ఇప్పటికీ ఉన్నారు. అది బాధ కలిగించే మాటే. అలాంటి చోట వాదించి ఇల్లు సంపాదించినా రోజూ మనసు నొచ్చుకుంటూ బతకాలి, ఇంకో వీధి చూసుకోండి.

హెచ్‌ఆర్‌ఏకి (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపుకు) ఏం కావాలి?

పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఈ మినహాయింపు. కర్నూలుకు వర్తించేది జీతంలో 40 శాతం హద్దు. అద్దె ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి, ఆ సంగతి ఇల్లు మాట్లాడుకునేటప్పుడే అడగండి. ఇద్దరూ ఉద్యోగులైతే ఎవరి వాటా వారి ఖాతానుంచే యజమానికి పంపండి. ఒకే అద్దెను ఇద్దరూ పూర్తిగా చూపించడం కుదరదు.

సామాను తరలించేటప్పుడు ఏం పాడవుతాయి?

కొత్త కాపురం సామాను ఎక్కువ ఉండదు. మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పది పన్నెండు అట్టపెట్టెలకు ఒక బొలెరో పికప్ చాలు. రవాణా కంపెనీతో మాట్లాడితే వస్తువుల పట్టిక, మొత్తం ధర, ఎక్కించడం దించడం, మెట్లెక్కించే కూలీ అన్నీ ఒకే కాగితం మీద రాయించండి. సామాను లారీకెక్కాక ధర పెంచి, ఇవ్వకపోతే దించం అనడం తరచుగా జరిగే మోసం. బయల్దేరే ముందు సగానికి మించి డబ్బు ఇవ్వకండి.

ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి, నిలబెట్టే తీసుకెళ్లండి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది. దించగానే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. నిలబెట్టి తెచ్చినా రెండు మూడు గంటలు, పడుకోబెట్టి తెస్తే ఒక రోజంతా ఆగి వేయండి. ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌కు కొన్నప్పుడు వెనక బిగించి ఉన్న ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే లోపలి డ్రమ్ము ఊగి స్ప్రింగులు తెగుతాయి. కొత్త ఇంట్లో నడిపే ముందు అవి తీయడం మరచిపోకూడదు. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయమని మెకానిక్‌కు చెప్పండి. ఇన్వర్టరు బ్యాటరీ ఒరగకుండా వెళ్లాలి, యాసిడ్ ఒలికితే పక్కనున్న బట్టలు కాలిపోతాయి. బీరువా ఖాళీ చేసే ఎక్కించండి. నగలు, సర్టిఫికెట్లు, మందులు మీ చేతి సంచిలోనే ఉండాలి.

గ్యాస్ సిలిండర్ వెంట తీసుకెళ్లవచ్చా?

వద్దు. నిండు సిలిండర్ సామాను లారీలో ప్రమాదం. పాత ఊరి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చి బదిలీ కాగితం ఇస్తారు. కర్నూలులో అదే కంపెనీ ఏజెన్సీకి ఆ కాగితం, ఆధార్, అగ్రిమెంటు ఇచ్చి మళ్లీ డిపాజిట్ కట్టాలి. మీకు తిరిగి వచ్చేది అప్పట్లో కట్టిన సొమ్మే, ఇక్కడ కట్టేది ఇప్పటి రేటు. 2022 జూన్‌లో అది 14.2 కిలోల సిలిండరుకు 2,200 రూపాయలు, రెగ్యులేటరుకు 250 అయింది. స్టౌ, పుస్తకం మీతోనే ఉంచుకోండి. ట్యూబు ఐదేళ్లు దాటితే కొత్తది కొనండి.

కనెక్షన్ వచ్చేదాకా ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కరు సరిపోతాయి. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డుతో 5 కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు.

కాగితాలు ఏ వరుసలో మార్చుకోవాలి?

బయల్దేరకముందే పెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. పెళ్లి జరిగిన చోటి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని పూర్తి చేసుకోకుండా వచ్చేస్తే తర్వాత సాక్షులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. ఇక్కడికి వచ్చాక అగ్రిమెంటుతో ఒకరి ఆధార్ చిరునామా మార్చండి. రెండోవారు పెళ్లి సర్టిఫికెట్ పెట్టి, ఆ మొదటివారిని కుటుంబ పెద్దగా చూపి మార్చుకోవచ్చు. కుటుంబ పెద్ద 30 రోజుల్లో తన లాగిన్‌లో సమ్మతి తెలపాలి, లేకపోతే దరఖాస్తు ఆగిపోతుంది. ఓటు మార్చుకోవడానికి ఫారం 8.

ఆంధ్రప్రదేశ్‌లోని వేరే ఊరినుంచి వస్తున్నవారు ఇంకోటి చూసుకోవాలి. గ్రామ, వార్డు సచివాలయాల లెక్కల్లో మీరిద్దరూ ఇంకా చెరొక పుట్టింటి కుటుంబంలోనే నమోదై ఉంటారు. పెళ్లి సర్టిఫికెట్‌తో సచివాలయంలో కుటుంబాన్ని వేరు చేయించుకోకపోతే రైస్ కార్డు, ప్రభుత్వ పథకాల దగ్గర దరఖాస్తు ముందుకు కదలదు.

పాత కంపెనీ పీఎఫ్ తీసేయకండి. కంపెనీ మారినా మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) అదే ఉంటుంది, కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. ఐదేళ్లు నిండకముందు తీసుకుంటే పన్ను పడవచ్చు.

తెలంగాణ నంబరు బండి ఉంది. మార్చాలా?

పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే మార్చాలి. ముందు అక్కడి రవాణా ఆఫీసునుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. చలాన్లు బాకీ ఉన్నా, బండి మీద అప్పు ఉండి బ్యాంకు సమ్మతి లేకపోయినా అది రాదు. తర్వాత ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేసి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అనంతపురం ఏపీ 02, కడప ఏపీ 04 బండ్లకు ఈ బాధ లేదు, చిరునామా మార్పు చాలు.

ఒకరికే ఉద్యోగం వచ్చింది. రెండోవారు ఏం చేయాలి?

ఈ ప్రశ్నను చాలామంది సామాను సర్దేశాక గానీ అడగరు. మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. రెండోవారు పాత ఊళ్లో చేస్తున్న ఉద్యోగాన్ని ఒక్కసారిగా వదలకుండా ఇంటినుంచి పనికో, బదిలీకో, రెండు మూడు నెలల సెలవుకో ముందే రాతపూర్వకంగా అడగండి. బోధన, నర్సింగ్, బ్యాంకింగ్, అకౌంట్లు తెలిసినవారికి కర్నూలులో అవకాశాలు వెతకవచ్చు. సాఫ్ట్‌వేర్ వారికి ఇంటినుంచి పనే నమ్మకమైన దారి.

మొదటి ఆరు నెలలు ఒక్క జీతంతోనే నడుస్తుందనుకుని లెక్క వేసుకోండి. అద్దె ఆ ఒక్క జీతంలో నాలుగో వంతు దాటకూడదు. అడ్వాన్సు, రవాణా, గ్యాస్, మొదటి నెల సరుకులు పోను మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. సోఫా, డైనింగ్ టేబులు ఆగవచ్చు. ఇంట్లో ఉండేవారి చేతిలో సొంత ఖాతా, ఏటీఎం కార్డు, బండి తాళం, ఇంటి తాళం ఉండాలి. ప్రతి చిన్న ఖర్చుకూ అడగాల్సి వస్తే కొత్త ఊరు ఇరుకైపోతుంది.

సొంతూరికి రాకపోకలు ఎలా?

హైదరాబాదుకు 44వ నంబరు రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. కర్నూలు సిటీ స్టేషన్‌నుంచి తుంగభద్ర, హంద్రీ ఎక్స్‌ప్రెస్‌లు అటు ఉన్నాయి. అనంతపురం రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. పండగ ముందు రోజుల్లో బస్సు దొరకదు, రిజర్వేషన్ తెరిచిన రోజే చేసుకోండి. ఏ పండగకు ఎవరి ఇంటికో ఏడాది మొదట్లోనే ఇద్దరూ మాట్లాడుకుని రెండు ఇళ్లలోనూ ఒకే మాట చెబితే చివరి వారంలో నొచ్చుకోవడాలు తగ్గుతాయి.

మళ్లీ బదిలీ అయితే అడ్వాన్సు పూర్తిగా ఎలా తిరిగి వస్తుంది?

చేరిన రోజే ప్రతి గదిని, గోడల పగుళ్లను, కొళాయిలను, ఫ్యాన్లను ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేస్తున్నట్టు అగ్రిమెంటులో రాసుకున్న గడువు ప్రకారం నోటితో కాక మెసేజ్‌లో చెప్పండి. చివరి రోజు యజమానితో కలిసి ఇల్లు తిరిగి చూసి, మీటరు రీడింగు రాసుకుని, బిల్లు కట్టి, అడ్వాన్సు ఖాతాలో పడ్డాక తాళాలు ఇవ్వండి. అడ్వాన్సును చివరి నెలల అద్దెకు సర్దుకుంటే సరిపోతుంది కదా అనుకునేవారు ఆ మాట ముందే యజమానితో అనుకుని, మెసేజ్‌లో ఒప్పించుకోవాలి.